ప్రభుత్వం డాబా ఎక్కింది



మన దేశంలో ప్రకృతి విపత్తులకు ఒక అధికారిక జాబితా ఉంది. విపత్తు నిధి నుంచి ఎవరికి సాయం అందాలో దాన్ని బట్టే తేలుస్తారు. వరద అందులో ఉంది. తుపాను, కరువు, భూకంపం, సునామీ, వడగళ్ళు ఉన్నాయి. పంటల మీద పడే చీడలు ఉన్నాయి. హిమాలయాల్లో మంచుచరియలు విరిగిపడితే దానికీ చోటుంది. చలిగాలులకూ ఉంది. వడగాలులకు మాత్రం ఏళ్ళ తరబడి చోటు లేదు. రెంటచింతలలోనో రామగుండంలోనో ఒక వేసవి గడిపినవాళ్ళు ఆ జాబితా తయారుచేసే గదిలో ఒక్కరైనా ఉండి ఉంటే ఇలా జరిగేది కాదేమో!

2015 మే నెల మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఆ వేసవిలో దేశం మొత్తం మీద రెండు వేల మందికి పైగా వడదెబ్బకు చనిపోయారు. వాళ్ళలో ఎక్కువమంది మన రెండు తెలుగు రాష్ట్రాల వాళ్ళే. పొలం పనికి పోయినవాళ్ళు, గొర్లు కాసేవాళ్ళు, రోడ్డు వారన బండి మీద పళ్ళమ్ముకునేవాళ్ళు. అసలు ఎండలోకే వెళ్ళకుండా, ఇంట్లో రేకుల కింద మంచం మీద పడుకున్న ముసలివాళ్ళు కూడా. అదే సంఖ్యలో జనం తుపానులో పోయి ఉంటే ఊరూరా స్మారకాలు కట్టేవాళ్ళం. ఎండకు పోయారు కాబట్టి వానలు పడగానే మర్చిపోయాం.

2025 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం ఒక ఉత్తర్వు ఇచ్చింది. వడగాలులను, వడదెబ్బను రాష్ట్ర స్థాయి విపత్తుగా ప్రకటించింది. విపత్తు నిధిలో పది శాతం దాకా, జాతీయ జాబితాలో లేకపోయినా తమ ప్రాంతాన్ని పీడించే విపత్తులకు వాడుకునే వెసులుబాటు రాష్ట్రాలకు ఉంది. దాన్ని ఉపయోగించుకుంది. అంతకుముందు వడదెబ్బకు మనిషి పోతే ఆపద్బంధు పథకం కింద ఇచ్చేది 50 వేల రూపాయలు. ఇప్పుడది 4 లక్షలు.

చచ్చాక ఇచ్చే డబ్బుతో వాతావరణానికి ఏం ఒరుగుతుంది అని మీరు అడగవచ్చు. నిజమే, ఆ 4 లక్షలతో ఎండ ఒక్క డిగ్రీ తగ్గదు. కానీ డబ్బు ఇవ్వాలంటే ప్రభుత్వం ముందు చావును లెక్క రాయాలి. ఇన్నాళ్ళూ వడదెబ్బ చావులు గుండెపోటు అనో, వయసు మీదపడి అనో రికార్డుల్లోకి ఎక్కాయి. ఇక నుంచి తహసీల్దారు, పోలీసు ఎస్సై, డాక్టరు కలిసి కూర్చుని, ఈ మనిషి ఎండ వల్ల చనిపోయాడా లేదా అని తేల్చాలి. ఏ మండలంలో ఎంతమంది, ఏ వయసు వాళ్ళు, ఏ పని చేసేవాళ్ళు పోతున్నారో కాగితం మీదికి వస్తుంది. ఆ కాగితం చేతిలో ఉంటే వచ్చే ఏడు ఉపాధి హామీ పని వేళలు మార్చమనీ, బస్టాండులో నీడ వేయమనీ, పీహెచ్‌సీలో ఐస్, సెలైన్ ఉంచమనీ అడగడానికి బలం వస్తుంది. అందుకే ఆ ఉత్తర్వు గురించి చదివిన రోజు నాకు సంతోషమేసింది. వాతావరణ మార్పు గురించి ఏళ్ళుగా మాట్లాడుతున్న మనవాళ్ళకు ఒక అలవాటుంది. ప్రభుత్వం ఏం చేసినా "ఇదేం సరిపోతుంది" అని పెదవి విరుస్తాం. సరిపోదు, ఒప్పుకుంటాను. అయినా ఎండను విపత్తు అని ప్రభుత్వం చేత అనిపించినందుకు ఒక పూట సంబరపడటం తప్పేమీ కాదు.

ఇక ఆ చావు రాకుండా చూసే సంగతి. ఇక్కడ మాట ఇంటి పైకప్పు దగ్గరికి వస్తుంది.

మన పాత ఇళ్ళు ఎండను ఎరిగిన ఇళ్ళు. రాయలసీమ మట్టి మిద్దె, తెలంగాణ గూనపెంకుల ఇల్లు, కోస్తాలో మండువా లోగిలి, దేని పద్ధతి దానిదే. గోడలు మందం, కప్పు కింద గాలి ఆడే చోటు, నడిమధ్య వాకిలి. అవి కట్టినవాళ్ళకు ఉష్ణవాహకత అనే మాట తెలియదు, ఉక్కపోత తెలుసు. తర్వాత స్లాబు వచ్చింది, రేకులు వచ్చాయి. పాతవాటిలో పాములూ తేళ్ళూ ఉండేవి, వానకు కురిసేవి, ఏటా కప్పు బాగుచేయాలి. కాబట్టి జనం స్లాబుకు మారడంలో తప్పు పట్టడానికి లేదు. కాకపోతే స్లాబు పగలంతా వేడి పీల్చుకుని, మనం నడుం వాల్చే వేళకు దాన్ని కిందికి వదలడం మొదలుపెడుతుంది. వడదెబ్బ అనగానే మిట్టమధ్యాహ్నం గుర్తుకొస్తుంది గానీ, పగలు అలసిన ఒంటికి రాత్రి చల్లదనం దొరకకపోవడం కూడా అంతే ప్రమాదం. ఏసీ కొనుక్కున్నవాళ్ళ గది చల్లబడుతుంది. ఏసీ బయటికి వదిలే వేడిగాలి సందులోకి వచ్చి పక్కింటి కిటికీలో దూరుతుంది.

దీనికి విరుగుడు కొత్తదేమీ కాదు. కప్పుకు తెల్లరంగు వేయాలి. నల్లబడిన కప్పు ఎండలో 60 డిగ్రీలు దాటి కాగుతుంది. తెల్లని కప్పు పడిన ఎండలో చాలా భాగాన్ని తిరిగి ఆకాశంలోకి పంపేస్తుంది. 2017లో హైదరాబాదులో అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీ వాళ్ళు మరికొన్ని సంస్థలతో కలిసి దేవరకొండ బస్తీలో పాతిక ఇళ్ళ కప్పుల మీద వేడిని వెనక్కి కొట్టే తెల్లని పొర పరిచి చూశారు. మామూలు ఇళ్ళకంటే ఆ ఇళ్ళలో సగటున రెండు డిగ్రీలు తగ్గింది. రెండు డిగ్రీలేనా అనుకోకండి. రేకుల ఇంట్లో మే నెలలో పసిబిడ్డను పెంచిన తల్లిని అడిగితే రెండు డిగ్రీలంటే ఏమిటో చెబుతుంది.

ఆ ప్రయోగం అలమారలో ఉండిపోకుండా విధానం దాకా వెళ్ళడం విశేషం. 2023 ఏప్రిల్‌లో తెలంగాణ కూల్ రూఫ్ పాలసీ వచ్చింది. దేశంలో ఒక రాష్ట్రం ఇలాంటిది తేవడం అదే మొదలు. 2028 నాటికి 300 చదరపు కిలోమీటర్ల కప్పులు చల్లబడాలని లక్ష్యం పెట్టుకున్నారు. అందులో 200 హైదరాబాదు ప్రాంతంలో, మిగతా 100 రాష్ట్రంలోని ఇతర ఊళ్ళలో. ప్రభుత్వ భవనాలకు, వాణిజ్య భవనాలకు, 600 గజాలు, ఆపైన స్థలంలో కట్టే ఇళ్ళకు తప్పనిసరి. అంతకంటే చిన్న ఇళ్ళకు మాత్రం యజమాని ఇష్టం.

ఈ చివరి వాక్యం దగ్గరే నాకు అభ్యంతరం. 600 గజాల్లో ఇల్లు కట్టుకున్నవాడికి ఏసీ ఉంటుంది, చెట్టు ఉంటుంది. ఎండ చంపేది అరవై గజాల ఇంట్లో ఉన్నవాణ్ణి. పట్నంలో పై అంతస్తు గది అద్దె ఎందుకు తక్కువో అద్దెకున్నవాళ్ళందరికీ తెలుసు. కప్పు ఓనరుది, వేడి కిరాయిదారుది. తన తల మీద లేని వేడి కోసం ఓనరు డబ్బు ఖర్చు పెట్టడు, రేపు ఖాళీ చేయబోయే ఇంటికి కిరాయిదారు పెట్టడు. ఈ ముడి విప్పగలిగింది మునిసిపాలిటీయే. పన్నులో కొంత తగ్గిస్తుందో, బస్తీల్లో తానే రంగు వేయిస్తుందో, ఏదో ఒకటి చేయాలి. విధానం చేతిలో ఉంది కాబట్టి ఇది మనం అడగగలం. విధానమే లేని రోజుల్లో అడిగితే ఏ శాఖకు వెళ్ళాలో కూడా తెలిసేది కాదు.

అంతదాకా ఆగక్కర్లేదు కూడా. సున్నంలో కాస్త జిగురు కలిపి రెండు పూతలు పూస్తే రెండు వేసవుల మాట ఎలా ఉన్నా, ఒక వేసవి గట్టెక్కుతుంది. వానలకు కొంత కొట్టుకుపోతుంది, మళ్ళీ ఏడు మళ్ళీ వేసుకోవాలి. సంక్రాంతికి గోడలకు వేసే సున్నం మిగిలితే డాబా ఎక్కించడమే.

పైకప్పు మీద జరుగుతున్న రెండో పని సౌర విద్యుత్తు. 2024 ఫిబ్రవరిలో కేంద్రం పీఎం సూర్యఘర్ పథకం మొదలుపెట్టింది. కోటి ఇళ్ళ మీద సోలార్ ప్యానెళ్ళు, 75,021 కోట్ల రూపాయల ఖర్చు. ఒక కిలోవాట్‌కు 30 వేలు, రెండింటికి 60 వేలు, మూడు కిలోవాట్లకు గానీ అంతకు మించి పెట్టుకుంటే గానీ 78 వేలు సబ్సిడీ. మిగతాదానికి ప్రభుత్వ బ్యాంకులు తాకట్టు అడగకుండా అప్పిస్తున్నాయి. 2025 సెప్టెంబరు 22 నుంచి ప్యానెళ్ళ మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి దిగింది.

మూడు కిలోవాట్ల ప్యానెళ్ళకు సుమారు మూడు వందల చదరపు అడుగుల చోటు కావాలి. మన ఎండకు నెలకు మూడు వందల యూనిట్లకు పైగా ఇస్తాయి. ఏడాదికి నాలుగు వేల యూనిట్లనుకుందాం. మన దేశంలో ఒక యూనిట్ కరెంటు వెనక సగటున 700 గ్రాముల బొగ్గుపులుసు వాయువు గాల్లోకి పోతోంది. అంటే ఒక డాబా ఏడాదికి మూడు టన్నుల వరకూ ఆపుతుంది. ఇంకో లాభం చాలామంది చెప్పరు. ప్యానెళ్ళు పరిచిన మేర స్లాబుకు నీడ దొరుకుతుంది, కింది గది చల్లబడుతుంది.

ప్యానెళ్ళకు కావలసింది వెలుతురే గానీ వేడి కాదు. వేడెక్కేకొద్దీ వాటి శక్తి కొంచెం కొంచెం తగ్గుతుంది. అందుకే మే నెల మంట చూసి, ఈ నెలలో కరెంటు విరగపండుతుందని ఆశపడితే కాస్త నిరాశే. ఆకాశం తేటగా ఉండి గాలి చల్లగా ఉండే ఫిబ్రవరి, మార్చి నెలల్లో అవి హుషారుగా పనిచేస్తాయి. మన ఊళ్ళ దుమ్ము సంగతి చెప్పనక్కర్లేదు. వారానికోసారి పొద్దున్నే, ప్యానెల్ వేడెక్కకముందే, నీళ్ళతో కడగాలి.

ఈ పథకంలో 2025 మార్చికి పది లక్షల ఇళ్ళు పూర్తయ్యాయి. ఏడాదిలో పది లక్షలు చిన్న సంగతి కాదు. కోటితో పోలిస్తే పదో వంతు. గుజరాత్ అందరికంటే ముందుంది. ఎండకు కొదవలేని మనం ఆ వరసలో ఎందుకు లేమని అడిగితే ఒక కారణం మన మంచితనంలోనే ఉంది. తెలంగాణలో గృహజ్యోతి కింద 200 యూనిట్ల దాకా కరెంటు ఉచితం. బిల్లే రాని ఇంటికి సోలార్ మీద మనసెందుకు పోతుంది? పేదవాడికి ఉచిత కరెంటు ఇవ్వొద్దని నేననడం లేదు. ఆ ఉచితం బొగ్గు నుంచి కాకుండా ఆ ఇంటి కప్పు నుంచే వస్తే మేలు కదా అంటున్నాను. ఆంధ్రప్రదేశ్ ఈ దారి పట్టింది. ఎస్సీ, ఎస్టీ కుటుంబాలకు రెండు కిలోవాట్ల ప్యానెళ్ళు ఉచితంగా పెట్టించే పని చేపట్టింది. బీసీ కుటుంబాలకు కేంద్రం ఇచ్చే 60 వేల మీద రాష్ట్రం మరో 20 వేలు కలుపుతోంది. రాష్ట్రం ఏటా మోసే సబ్సిడీ భారం కూడా దీనివల్ల దిగుతుంది. నాకు ఈ రెండేళ్ళలో తెలుగునాట కనిపించిన వాతావరణ నిర్ణయాలన్నిటిలో తెలివైనది ఇదే. పేదల ఇల్లు పథకం చివర్లో కాకుండా మొదట్లో ఉంది.

తెలంగాణలో నాగర్‌కర్నూల్ జిల్లా కొండారెడ్డిపల్లి ఊరు మొత్తం సోలార్‌కు మారింది. అది ముఖ్యమంత్రి సొంతూరు. సొంతూరు కాబట్టి పని చకచకా అయింది అని నవ్వుకునేవాళ్ళు నవ్వుకోవచ్చు. నేను దాన్ని మరోలా చూస్తాను. ఒక ఊరికి చేయగలిగారంటే ఎలా చేయాలో అధికారులకు తెలిసిందన్నమాట. ఇక మా ఊరికి ఎందుకు కాదు అని పక్క ఊరి సర్పంచి అడిగితే జవాబు చెప్పుకోవాలి.

దేశం లెక్క కూడా ఒకటి విందాం. 2030 నాటికి మన విద్యుత్ సామర్థ్యంలో సగం బొగ్గు, చమురు, గ్యాసులతో పని లేనిదై ఉండాలని ప్రపంచానికి మాటిచ్చాం. 2025 జూన్‌లోనే ఆ సగం దాటేశాం. ఐదేళ్ళ ముందుగా. ఇది గర్వపడాల్సిన విషయమే. అయితే సామర్థ్యం వేరు, తయారయ్యే కరెంటు వేరు. సాయంత్రం ఆరు దాటాక ప్యానెళ్ళు పడుకుంటాయి. ఫ్యాన్లు, ఏసీలు, టీవీలు అప్పుడే లేస్తాయి. ఆ గంటల్లో మనల్ని ఆదుకునేది ఇప్పటికీ రామగుండం, కొత్తగూడెం, ఇబ్రహీంపట్నాల్లోని బొగ్గే. దీనికి జవాబు వెతికే పని కూడా మన గడ్డ మీదే జరుగుతోంది. పాణ్యం మండలం పిన్నాపురంలో పగటి సౌర విద్యుత్తుతో నీళ్ళు పైకి తోడి, రాత్రి కిందికి వదిలి కరెంటు తీసే 1,680 మెగావాట్ల ప్రాజెక్టు ఉంది. తాతల నాటి చెరువు తూము సూత్రమే, పగటి నీటిని రాత్రికి దాచడం.

ఇప్పుడు, ఈ మాటలు విని తలూపుతున్న మీకు నా మనవి. మీరు కాలేజీ ఎన్ఎస్ఎస్ పిల్లలు కావచ్చు, మహిళా సంఘం అధ్యక్షురాలు కావచ్చు, అపార్టుమెంటు సెక్రటరీ కావచ్చు. ఉద్యమం అంటే ప్లకార్డు పట్టుకుని నడవడమే అనుకునే రోజుల్లో మనం అడిగినవాటిలో కొన్ని ఇప్పుడు జీవోలయ్యాయి. జీవో వచ్చాక కూడా పని ఉంటుంది, అది అంత సరదాగా ఉండదు. మీ మండలంలో పోయిన వేసవి ఎన్ని వడదెబ్బ చావులు నమోదయ్యాయని సమాచార హక్కు కింద ఒక అర్జీ పెట్టండి. మీ మునిసిపల్ ఆఫీసు కప్పుకు తెల్లరంగు వేశారో లేదో మెట్లెక్కి చూడండి. విధానం తప్పనిసరి అన్నది ముందు వాళ్ళకే. ఇందిరమ్మ ఇల్లు కడుతున్న వాళ్ళుంటే, స్లాబు నీళ్ళతో తడిపే రోజులు ముగిసి బాగా ఆరాక దాని మీద తెల్లపూత వేయించమని చెప్పండి. సిమెంటు, ఇటుకల ఖర్చు పక్కన అది కంటికి ఆనని ఖర్చు. ఎవరింట్లోనైనా వడదెబ్బకు మనిషి పోతే, దుఃఖంలో ఉన్నవాళ్ళకు పోస్టుమార్టం మాట చెప్పడం కష్టమే. అయినా డాక్టరు కాగితం లేకుండా తహసీల్దారు ఏమీ చేయలేడు. ఆ సమయంలో పక్కన నిలబడి ఆ మాట చెప్పే మనిషి ఒకరు కావాలి.

అధికారుల మీద విరుచుకుపడటం కంటే వాళ్ళను మళ్ళీ మళ్ళీ పలకరించడం ఎక్కువ పనిచేస్తుందని నా నమ్మకం. సోలార్ కరెంటును లెక్కగట్టే నెట్ మీటర్ ఆలస్యమైతే మీ కరెంటు సెక్షన్ ఏఈ దగ్గరికి ఒక్కరుగా వెళ్ళకండి. వీధిలో నలుగురి దరఖాస్తులు కలిపి వెళ్ళండి. నాలుగు మీటర్లకు ఒక్కసారి రావడం ఆయనకూ సులువే.

సోలార్ పెట్టుకోబోయేవాళ్ళకు రెండు ముక్కలు ముందే చెప్పాలి, లేకపోతే తర్వాత నన్ను తిట్టుకుంటారు. బ్యాటరీ లేని మామూలు సోలార్, కరెంటు పోయినప్పుడు పనిచేయదు. లైను మీద పనిచేసే లైన్‌మన్‌కు షాకు కొట్టకుండా అది తనంతట తానే ఆగిపోతుంది. సోలార్ ఉంది కదా, ఇక కోతలుండవు అని ఎవరైనా అమ్మజూపితే నమ్మకండి. పథకం వెబ్‌సైటులో నమోదైన వాళ్ళ చేతే పెట్టించుకోండి, లేకపోతే సబ్సిడీ రాదు.

ఇంకొకటి. దరఖాస్తు చేసేముందు కరెంటు బిల్లు తీసి దాని మీద పేరు చూడండి. మన ఊళ్ళలో సగం బిల్లులు ఇంకా తాతగారి పేరు మీదే వస్తుంటాయి. బిల్లు ఒకరిది, ఆధార్ ఒకరిది, బ్యాంకు ఖాతా ఇంకొకరిది అయితే ఫైలు అక్కడే ఆగుతుంది. ముందు పేరు మార్పించుకోండి. ఆ పని ఈ వారమే మొదలుపెడితే, ఎండలు ముదిరే లోపు మీ డాబా మీద ప్యానెళ్ళు ఎక్కే వీలుంటుంది.